అడ్డపొగ ఇంట్లో అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. గులాబీరంగు ప్లాస్టిక్ చట్రం, పట్టుకోవడానికి ఒక పిడి. పెద్ద అందగత్తెనేం కాను. ఏ ఊళ్ళో పుట్టానో కూడా సరిగ్గా చెప్పలేను. గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించారు. వెలుగు చూసేసరికి శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో, సూరన్న సెలూన్‌లో ఉన్నాను.

క్షవరం అయ్యాక జనానికి వాళ్ళ తల వెనకభాగం చూపించడం అక్కడ నా ఉద్యోగం. ఏడేళ్ళు చూపించాను. ఒక్కడైనా చూశాడా? "బాగుందా?" అని సూరన్న అడగడం, వాళ్ళు నా వైపు కళ్ళు తిప్పకుండానే తల ఊపేసి లేచిపోవడం. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు కిందపడి నా పిడి విరిగింది. సూరన్న దానికి దారం చుట్టి, దోసెడు ఎండు నెత్తళ్ళు తీసుకుని, ఆ చేపలు తెచ్చిన అసిరమ్మకు నన్ను ఇచ్చేశాడు. నెత్తళ్ళకు మారకమయ్యానా అని నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాను.

అసిరమ్మకు తోడికోడలు పోలమ్మ. ఇద్దరి మొగుళ్ళూ అన్నదమ్ములు, ఒకే పడవ మీద వేటకు పోతారు. పెరడు ఒకటే, పొయ్యిలు రెండు. పోలమ్మకు యాభై అయిదు దాటాయి, నోరు పెద్దది. అసిరమ్మ అయిదారేళ్ళు చిన్నది, ఆమెను 'అప్పా', అంటే అక్కా, అని పిలుస్తుంది. రోజంతా కీచులాడుకుంటారు, పూట గడిచేసరికి ఒకరు కనబడకపోతే రెండోవారికి ముద్ద దిగదు.

ఇద్దరికీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట ముట్టించి, మండే కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. అలాగైతే సముద్రపు గాలికి నిప్పు ఆరదట, రెండు చేతులతోనూ చేపలు ఎండబెట్టుకోవచ్చట, పైగా పన్నుపోటు రాదట! నోట్లో నిప్పు పెట్టుకుని కబుర్లు చెప్పుకునే మనుషుల్ని చూసి మొదట్లో జడుసుకున్నాను. తరవాత్తరవాత వాళ్ళ మీద ప్రేమ పుట్టింది. అప్పుడు ఆ భయం ఇంకా ఎక్కువైంది.

ఒక మధ్యాహ్నం ఆశా వర్కరు హైమావతి వచ్చింది. టార్చి వేసి అసిరమ్మ నోరు చూసి, నన్ను ఆమె చేతికిచ్చింది. "నువ్వే సూసుకో పిన్నీ, పైన అంగిలి" అంది. అంగిలి నిండా సున్నం పూసినట్టు తెలుపు, అందులో ఎర్రటి చుక్కలు.

"పెద్దమ్మా, నీ నోరూ సూడనీ" అంది హైమావతి.

"నా నోరు ఊరందరికీ తెలుసునే! నాకేటీ నేదు, ఎల్లు" అని పోలమ్మ చేపల గంప ఎత్తుకుని పోయింది.

హైమావతి వెంటబెట్టుకుని తీసుకెళితే పట్నంలో డాక్టరు అంగిలి నుంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాడు. ఇది ఇంకా కేన్సర్ కాలేదు, చుట్ట మానేస్తే తగ్గే అవకాశం చాలా ఉంది, మానకపోతే ఎటు తిరుగుతుందో చెప్పలేను అన్నాడట. సారా ముట్టొద్దనీ, ఆకుకూరలూ పళ్ళూ తినమనీ కూడా చెప్పాడట.

ఆ సాయంత్రమే పోలమ్మ అసిరమ్మ చుట్టలతోపాటు తన కట్ట కూడా తెచ్చి పొయ్యిలో పడేసింది. "నీ ఎదర నాను పీలిస్తే నువ్వు ఆగుతావేటే?" అంది. అప్పటినుంచి శనివారం వస్తే చాలు, నన్ను పట్టుకుని అసిరమ్మ ముందు కూర్చునేది. "నోరు తెరు. ఇంకా తెరు. ఏటే, దొంగతనంగా తాగినావా? పళ్ళు రాలగొట్టేస్తాను!" ఇన్ని తిట్ల మధ్య ఆ తెలుపు వారం వారం పలచబడింది. నాకు ఎంత సంతోషమో!

ఒక పొద్దున్న ఇంట్లో ఎవరూ లేరు. పోలమ్మ నన్ను తీసుకుని పెరటి గుమ్మం దగ్గర వెలుతుర్లోకి వెళ్ళి, తన నోరు తెరిచింది. అంగిలికి కుడివైపు, బాగా వెనక, శనగగింజంత పుండు. చాలాసేపు చూసుకుంది. తరవాత నన్ను పీట మీద బోర్లించేసి వెళ్ళిపోయింది. అయ్యో, అరిచి చెబుదామంటే అద్దానికి గొంతు ఎక్కడిది? ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. మర్నాటి నుంచి పోలమ్మ అసిరమ్మ నోరు వారానికి రెండుసార్లు వెతకడం మొదలుపెట్టింది. తన నోట్లోకి మాత్రం మళ్ళీ చూసుకోలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి. పిడి విరిగిన రోజే పూర్తిగా పగిలిపోయినా బాగుండేది అనుకున్నాను.

పచ్చిమిరపకాయ కొరకనిదే పోలమ్మకు చోడి అంబలి, అంటే రాగి జావ, దిగదు. అలాంటిది వరసగా మూడు రోజులు మిరపకాయ పక్కకు తోసేసి, కళ్ళు మూసుకుని అంబలి మింగింది. అడిగితే "ఒంట్లో ఏడి సేసింది" అంది. నాలుగో రోజు ఆ తోసేసిన మిరపకాయ చూసి అసిరమ్మ నన్ను తీసుకుని ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"అప్పా, నోరు తెరు."

"నాకేటీ నేదే."

"ఏటీ నేకపోతే తెరు."

"తెరవను. ఎల్లి పని సూసుకో."

అసిరమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఇన్నాళ్ళూ నా నోట్లో ఏటి ఎతుకుతున్నావే అప్పా? నీ పుండునేనా?"

పోలమ్మ జవాబు చెప్పబోయి భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపుకి తెరుచుకున్న నోట్లోకి అసిరమ్మ నాతో వెలుతురు కొట్టించి చూసింది. చూసి నన్ను పక్కన పెట్టి ఆమెను వాటేసుకుంది. "నాను సచ్చిపోతానేటే?" అని పోలమ్మ అడిగింది. అసిరమ్మ "ముందు లెగు, సీర మార్సు" అంది.

విశాఖపట్నం ఆసుపత్రికి బట్టల సంచిలో నేనూ వెళ్ళాను. కేన్సరే. కానీ చిన్నది, ఎక్కడికీ పాకలేదు. అంగిలిలో కొంత కోసి తీసేశారు, ఆ కంత మూయడానికి ప్లేటు చేసి పెట్టారు. ఇంకో ఆర్నెల్లు దాచి ఉంటే ఇంత తేలిగ్గా పోయేది కాదంది డాక్టరమ్మ. ఇప్పుడు ఆ ప్లేటు తీసి కడుక్కుని పెట్టుకోవడానికి పోలమ్మకు రోజూ నేనే కావాలి. మాట కాస్త ముక్కుతో వస్తుంది, తిట్లు మాత్రం పెరటి అవతలికి కూడా స్పష్టంగా వినిపిస్తాయి. మొన్నటి పరీక్షలోనూ ఏమీ లేదన్నారు. అసిరమ్మ అంగిలి చక్కగా గులాబీరంగుకి వచ్చింది.

చుట్ట మానేశారు గదా, ఇక దాని ఊసే ఉండదని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పొద్దు వాలేవేళ చేపలు ఎత్తేశాక ఇద్దరూ అరుగు మీద కూలబడతారు. నన్ను కిటికీలో పెడతారు గనక అన్నీ వింటాను.

"అప్పా, మనసు లాగేస్తందే. ఒక్కటి ముట్టిద్దుమేటి?" అంటుంది అసిరమ్మ.

"నాకూ పేణం పోతందే. ముట్టిద్దుము. ఒక్క అరగంట ఆగుదుము."

లేచి, ఏరు సముద్రంలో కలిసేచోటు దాకా పోట్లాడుకుంటూ నడిచివెళ్ళి వస్తారు. వచ్చాక అసిరమ్మ మళ్ళీ అడుగుతుంది. పోలమ్మ మళ్ళీ అదే మాట అంటుంది. మొన్న కార్తీకానికి ఆ అరగంటకు రెండేళ్ళు నిండాయి.