గుమ్మం పక్కన ఆగిన నీడ

పొద్దున్నే గిన్నెలు బోర్లించి, బ్యాగు భుజాన వేసుకుని కోడలు బడికి బయల్దేరేది. విద్యార్థుల కౌన్సెలింగులో ఎంఏ చదువుతోంది. ఆఖరి ఏడాది ఏదో ఒక బడిలో కూర్చుని పిల్లల గోడు వినాలట. కడిగిన గ్లాసుని కూడా వెలుతురుకు పెట్టి చూసే అత్తగారికి ఈ చదువు ఒక చదువులా అనిపించలేదు.

"నోరు మూసుకుని వినడానికి రెండేళ్ల చదువెందుకే? మీ మామగారు ఏ డిగ్రీ లేకుండానే వింటున్నారుగా," అనేది. మామగారు పేపరు వెనక నుంచి దగ్గేవారు.

అత్తగారికి నీడ లేదు. ఐదో తరగతిలో కాపీ కొట్టావని మాస్టారు ఆమెను గుమ్మం బయట నిలబెట్టి, తప్పు ఒప్పుకుంటేనే లోపలికి రమ్మన్నారు. ఆమె ఒప్పుకోలేదు. సరాసరి ఇంటికి నడిచింది, మళ్లీ బడి మొహం చూడలేదు. నీడ మాత్రం రానని అక్కడే నిలబడిపోయింది. ఆయా దాన్ని తప్పించి ఊడ్చేది. కొత్త టీచర్లకు, దాని మీద కాలు పడకుండా చూసుకోమని ముందే చెప్పేవారు.

కోడలికి గది ఇచ్చింది ఆ బడిలోనే, హెడ్మాస్టరు గదిని ఆనుకుని. అటు వెళ్తే తన్నులేనని పిల్లల భయం. ఒక్కరూ రాలేదు. పిల్లలు తమంతట తాము వచ్చి మాట్లాడితే తప్ప సంతకం పెట్టనని కాలేజీ మేడం తేల్చేసింది. సంతకం లేకపోతే డిగ్రీ లేదు.

తోచక కోడలు కుర్చీ తెచ్చి నీడ పక్కన వేసుకుంది. మొదట్లో ఊరుకోలేక, జరిగిందేదో జరిగింది, మరిచిపొమ్మని దానికి నచ్చజెప్పింది. నీడ గోడవైపు తిరిగిపోయింది. ఆ తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు నీడ మెల్లగా చతికిలబడింది.

అదే సమయానికి ఇంట్లో, పొయ్యి ముందు నిలబడ్డ అత్తగారు ఉన్నపళాన కూలబడింది. బడిలో తన నీడ కూర్చుందని అర్థమైంది. చెప్పులేసుకుని బడికొచ్చేసింది.

"నా నీడతో నీకేం పని?"

కోడలు సంజాయిషీ ఇవ్వబోయి ఆగింది. లేచి కుర్చీ ఇచ్చింది. అత్తగారు కూర్చుని, పలకలు కడిగిన కుళాయిని, మోచేతుల రాపిడికి నునుపెక్కిన కిటికీ అంచుని చూస్తూ ఉండిపోయింది. భాగహారం లెక్కలంటే తనకెంత ఇష్టమో చెప్పింది. పలక తడి ఆరకముందే రాసేసేదట.

"నేనే రాశాను. పక్కపిల్ల నా దాంట్లో చూసింది. ఆ మాస్టారు పోయాడని తెలిసినా చూడ్డానికి వెళ్లలేదు నేను."

"మీరే రాశారు, అత్తయ్యా," అంది కోడలు.

నీడ లేచి అత్తగారి పాదాల దాకా వచ్చింది. అప్పుడే పక్క క్లాసులోంచి ఒక అమ్మాయిని బయటికి పంపారు. రోజూ పంపుతున్నారు. ఈసారి పుస్తకాలన్నీ సర్దుకునే వచ్చింది, చూపంతా గేటు మీదే ఉంది. వరండాలోకి ఎండ ఏటవాలుగా దిగింది. ఆ పిల్ల చటుక్కున జరిగి అత్తగారి నీడలో నిలబడింది.

అత్తగారు కాలు వెనక్కి తీసుకుంది.

"నా నీడని ఇక్కడే ఉండనీ, బయట నిలబెట్టిన పిల్లలకు పనికొస్తుంది," అంది కోడలితో. తర్వాత ఆ పిల్లతో, "నువ్వు వెళ్లిపోతే వాళ్లకేం పోదు. ఆ గదిలో మా కోడలు కూర్చుంటుంది. ఏం చెప్పినా తిట్టదు. తిట్టడం చేతకాదు దానికి," అంది.

"నిజంగా తిట్టరా?" అని అడిగింది అమ్మాయి.

కోడలు తలుపు తెరిచి పట్టుకుంది.