కోత పడని కాలు

వెడల్పాటి మట్టిపళ్ళెంలో గోధుమరవ్వ మీద ఉప్పునీళ్ళు చిలకరించి, అరచేతులతో గుండ్రంగా తిప్పుతోంది తౌరియా. సిమెంటు కట్టు వేసిన కుడికాలు ఉల్లిపాయల బుట్ట మీద ఆనించుకుంది. శుక్రవారం. భర్త ద్రిస్ మసీదు నుంచి వచ్చేసరికి కుస్‌కుస్ మూడుసార్లు ఆవిరి మీద ఉడికి సిద్ధంగా ఉండాలి.

"ఎందాకా వచ్చిందే?" ముందుగదిలోంచి అత్తగారు లల్లా హనియా కేకేసింది. "వాళ్ళొచ్చే వేళయింది."

"అవుతోంది లల్లా."

ఆ చుట్టాలు వస్తున్నది తౌరియాని చూడటానికే. రోగిని పలకరించి, బాగుపడాలని దువా చేయడం పుణ్యం. అలా వచ్చినవాళ్ళకి టీ పోసి, భోజనం పెట్టి పంపడం మర్యాద. ఆ పుణ్యానికి, ఈ మర్యాదకి మధ్య నిలబడవలసింది మాత్రం ఆ రోగే.

బక్రీదు మర్నాడు డాబా మీద గొర్రెతోళ్ళు ఉతుకుతుంటే, నీళ్ళు పీల్చి బరువెక్కిన తోలు గోడ మీద వేయబోయి సబ్బునీళ్ళలో జారిపడింది. పైకి పరిగెత్తుకొచ్చిన అత్తగారు అడిగిన మొదటి మాట, "తోలు కిందపడి మురికవలేదు కదా?" చీలమండ దగ్గర ఎముక చిట్లిందనీ, లిగమెంటు చిరిగిందనీ చెప్పాడు డాక్టరు. అదృష్టవశాత్తూ ఎముక పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. కానీ ఆరు వారాలు పాదం నేలకి ఆనకూడదన్నాడు. ద్రిస్ ఆ మాటల్లో మొదటి సగమే ఇంటికి తెచ్చాడు. గుమ్మంలోనే, "ఆపరేషన్ అక్కర్లేదటమ్మా!" అని పండగ కబురు చెప్పినట్టు చెప్పాడు. రెండో సగం తౌరియా చెవిలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె కాలు విరిగిన కాలు కాదు, కోత పడని కాలు. "పక్కింటి హనాన్‌ని చూడు, పాపం పిత్తాశయం తీసేశారు. కోతపడ్డ మనిషి. మంచం దిగితే ఎలా?" అనేది అత్తగారు. "నీకేం, దేవుడి దయవల్ల కత్తి తగల్లేదు." ఆసుపత్రి వాళ్ళిచ్చిన చంకకర్రలు వంటింటి తలుపు వెనకే ఉంటున్నాయి. రెండు చేతులూ కర్రలకిస్తే పళ్ళెం ఎవరు పట్టుకుంటారు? అందుకే కుంటుతూ, గోడ పట్టుకుంటూ, ఎవరూ చూడనప్పుడు పెదవి కొరుక్కుంటూ తిరుగుతోంది.

నిన్న కొత్త ఎక్స్‌రే చూసి డాక్టరు మొహం చిట్లించాడు. "ఎముక కాస్త కదిలింది. నడుస్తున్నావా?"

ఆమె నోరు తెరిచేలోపే ద్రిస్ నవ్వాడు. "కూర్చునే ఉంటుంది డాక్టర్ గారూ. ఇంట్లో ఏం పని?"

"ఇంకొంచెం జరిగితే కోయక తప్పదు. కోసినా పాత నడక వస్తుందని నేను మాటివ్వలేను."

దారిలో ద్రిస్ అన్నాడు, "భయపెట్టకపోతే వాళ్ళకి గడవదు. రేపు రఖియా పిన్నివాళ్ళొస్తున్నారు. అమ్మ పరువు తియ్యకు."

రఖియా పిన్ని ఇద్దరు కోడళ్ళతో, పంచదార దిమ్మతో, పాల ప్యాకెట్లతో వచ్చేసింది. "ఏమే, ఒక కాలికే కొన్నావా బూటు? రెండోది ఎప్పుడు?" అంటూ తౌరియా బుగ్గలు ముద్దాడింది. అందరూ నవ్వారు. తౌరియా కూడా నవ్వింది.

"లేచి తిరుగుతూనే ఉంది, దేవుడి దయ," అంది లల్లా హనియా, వాళ్ళని ముందుగదిలోకి తీసుకెళ్తూ. "తౌరియా, టీ!"

తౌరియా పుదీనా టీ కాచి, గ్లాసులు పేర్చి, పళ్ళెం ఎత్తింది. ఒక్క అడుగు వేసింది. చీలమండలోంచి మోకాలి దాకా సలసల కాగే నూనె పాకినట్టయింది. గ్లాసులు గలగలలాడాయి. లోపల గదిలో ఆమె ఆరోగ్యం కోసం దువా మొదలైంది. పిన్ని గొంతు, వెనకే అందరి "ఆమీన్". ఆ దువా ఫలించాలంటే దేవుడైనా ముందు ఈ పళ్ళెం అందుకోవాలి, అనిపించింది ఆమెకి. నవ్వొచ్చింది.

పళ్ళెం గట్టు మీద పెట్టేసింది. తలుపు వెనక కర్రలు తీసుకుని వట్టిచేతులతో ముందుగదిలోకి వెళ్ళింది. అందరూ ఆమె వెనక్కి చూశారు, టీ ఇంకెవరో తెస్తున్నారేమోనని.

"పిన్నీ, కాస్త జరగండి. ఆ దిండు ఇలా ఇవ్వండి."

దిండు మీద కాలు చాపుకుని కూర్చుంది. "నన్ను చూడ్డానికొచ్చారు కదా. చూడండి."

"టీ ఏదే?" అంది అత్తగారు.

"వంటింట్లో ఉంది లల్లా. పాదం కింద పెడితే నాకు జన్మంతా కుంటినడకే. డాక్టరు చెప్పాడు. మీ అబ్బాయి విన్నాడు."

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. కోడళ్ళలో చిన్నది తల వంచుకుని తౌరియా కట్టునే చూస్తోంది. టీ తేవడానికి ఎవరూ లేవలేదు.

అంతలో ద్రిస్ వచ్చాడు. చెప్పులు విడిచి, వట్టి బల్లని చూశాడు, దిండు మీది కాలిని చూశాడు.

"నీ పెళ్ళానికి నువ్వే చెప్పుకో," అంది తల్లి.

అతను తౌరియా వైపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ చూపుకి ఆమె లేచి నిలబడుతూనే వచ్చింది. ఇప్పుడూ తొడలు వాటంతటవే కదిలాయి. రెండు చేతులతో అదిమిపట్టింది. భయమేసింది. సాయంత్రం ఏమవుతుందో తెలియదు. ఈ కాలితో పుట్టింటికి కాదు కదా, వీధిలోకైనా ఒంటరిగా మెట్లు దిగడం తన వల్ల కాదు. ఈ గోడలే, ఈ మనుషులే. అయినా కాలు దించలేదు.

"లే," అన్నాడు ద్రిస్.

"లేవను."

అతను వెనక్కి తిరిగి, పసుపుపచ్చ తోలుచెప్పుల్లో రెండు పాదాలూ దూర్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.