డోరీన్ తోసే తలుపు

ఉబ్బే ఉంటుంది, ఉబ్బక ఏం చేస్తుంది, నాలుగు వందల ఏళ్ల నాటి ఓక్ చెక్క తలుపు, వాన పడితే పిండిలా పొంగుతుంది, చిత్రిక పట్టిద్దామంటే వీల్లేదు, ఇంగ్లండులోని ఈ లడ్లో ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకని ఏ కాలంనాటి ఉన్ని వర్తకుడో కట్టించిన వరస ఇళ్లివి, మేకు మార్చాలన్నా ఆఫీసు కాగితం రావాలి, అందుకే పదకొండేళ్లుగా పక్కింటి డోరీన్ పొద్దున్నే వచ్చి రెండుసార్లు తట్టి, లోపల నువ్వు లాగు పిల్లా, బయట నేను తోస్తా అని భుజం ఆనించేది, ఎనిడ్ లాగేది, తలుపూ డోరీనూ ఒక్కసారే లోపలికొచ్చి పడేవి, ఆ తర్వాత టీ, ఆ డోరీన్ ఇవాళ పదింటికి కూతురితో హల్ ఊరికి వెళ్లిపోతోంది, ఎనభై నాలుగేళ్ల మనిషి అంత దూరం నుంచి మళ్లీ వస్తుందా, పదికి ఇంకా ఎనిమిది నిమిషాలు, ఎనిడ్ ఖాళీ కప్పు పట్టుకుని తలుపు వంక చూస్తూ నిలబడింది.

కిటికీ అయినా తెరుచుకునేది కాదు, సీసపు చట్రంలో అరచేతులంత అద్దాలు, అవతల టోపీ పెట్టుకున్న యాత్రికుడొకడు ముక్కు ఆనించి, ఇందులో నిజంగానే మనుషులున్నారే అంటున్నాడు పెళ్లాంతో, ఉన్నాం నాయనా, పోవడానికి దారి లేనివాళ్లం ఉన్నాం, పోయేవాళ్లు పోతూనే ఉంటారు, అందరూ చెప్పకుండానే పోయారు, మొగుడు విల్ఫ్ ఆసుపత్రి బండి ఎక్కిన రోజు తను కప్పులు కడుగుతోంది, తిరిగి చూసేసరికి చక్రాలు కదిలాయి, తనకి తొమ్మిదేళ్లప్పుడు అమ్మ క్షయ ఆసుపత్రికి వెళ్లిన రోజు తను బొగ్గుల కొట్లో ఉంది, బయటికొచ్చేసరికి వీధి ఖాళీ.

టక్ టక్, తలుపు తియ్యి పిల్లా, తలుపు ఉబ్బింది డోరీన్, రావడం లేదు, ఉబ్బడమేంటే, నెల్లాళ్లుగా చినుకు లేదు, నా గులాబీలు మాడి చచ్చాయి, నీ తలుపొక్కటే తాగి పొంగిందా, లాగు, తోస్తున్నా, భుజం తగిలింది, తలుపు కదల్లేదు, అమ్మా ఆలస్యమవుతోంది అని కారు దగ్గర్నుంచి కూతురి కేక, ఉండవే, పదకొండేళ్లు తోసినదాన్ని, ఇవాళ దీనికి లొంగుతానా, మళ్లీ భుజం, ఒసే ఎనిడ్, నువ్వసలు లాగుతున్నావా, లాగుతున్నా అంది ఎనిడ్, చేతిలో కప్పు అలాగే ఉంది.

తలుపుకీ చట్రానికీ మధ్య సందులోంచి ఎండ సన్నటి గీతగా నేల మీద పడుతోంది, ఉబ్బిన తలుపుకి సందు ఎక్కడిది, ఆ గీత వెంట చూపు పైకి పాకింది, గడియ దగ్గర వెలుగు తెగిపోయింది, ఈ ఇళ్లలో లోపల గడియ పెట్టకూడదని నియమం, ముసలివాళ్లు పడిపోతే ఎవరైనా రావాలి కదా, పదకొండేళ్లలో ఎన్నడూ ముట్టని గడియ, దాని తుప్పు తన బొటనవేలికి అంటుకుని ఉంది, పొద్దున లేస్తూనే తనే పెట్టింది, బొగ్గుల కొట్టుకి కూడా గడియ లోపలి వైపే ఉండేది, అమ్మ బయట నిలబడి తట్టింది, రెండుసార్లు, తర్వాత ఇంకో రెండుసార్లు, తను చెవులు మూసుకుంది, విల్ఫ్ బండి అద్దం తట్టినప్పుడూ తను కప్పుల వైపే తిరిగి ఉంది, ఎనిడ్ కప్పు కిందపెట్టి గడియ మీద వేళ్లు వేసింది, ఎవరూ చెప్పకుండా పోలేదు, అందరూ తట్టే వెళ్లారు.