ఏడో ముడి

బిగింపు పట్టీని ఆఖరుసారి గుంజి, లారీ లోపలి గోడకు ఆనించిన బట్టల బీరువాను గంగరాజం భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు. అప్పుడు గానీ దానికి చుట్టిన దుప్పటి అంచు వదల్లేదు.

దోహా శివార్లలోని ఆ ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా అతని ఉదయం ఇలాగే మొదలవుతోంది. ఆఖరున దించాల్సిన సామాను ముందు ఎక్కాలి. ముందు దించాల్సింది తలుపు దగ్గరుండాలి. యాభై నాలుగేళ్ల పొట్టి మనిషి. బరువులు మోసి మోసి మెడ భుజాల్లో కూరుకుపోయింది. ఎడమ మోకాలికి సాగే పట్టీ, చెవి మీద వడ్రంగి పెన్సిలు, నడుముకు నైలాన్ తాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రోజు పెట్టెకు కట్టుకొచ్చిన తాడే అది. దానికి అడుగుకొక ముడి వేశాడు. ఏ ఇంటికి వెళ్లినా, సామాను దించే ముందు లిఫ్టును ఆ తాడుతో కొలుస్తాడు.

ఈ రోజు చొక్కా జేబులో ఒక కాగితం కూడా ఉంది.

డెలివరీలు చూసే షీరీన్ హైదరాబాదు పిల్ల. వచ్చి మూడు నెలలైంది. ఏ లారీ ఏ దారిన పోవాలో, ఏ ఇంటికి ముందో ఆమె ట్యాబ్‌లో తయారుచేసిన లిస్టే చెబుతుంది. లిస్టు మంచిదేనని గంగరాజం కూడా ఒప్పుకుంటాడు. అల్ వక్రాకు సగం ఖాళీతో రెండు లారీలు తిరిగేవి. ఇప్పుడు ఒక్కటే నిండుగా వెళుతోంది. కానీ నిన్న ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత బిల్డింగుకు పక్క బిల్డింగు లిఫ్టు కొలత లిస్టులో పడింది. బీరువా పట్టదని గంగరాజం ఫోన్‌లో చెబితే, "లిస్టులో పడుతుందనే ఉంది అంకుల్, ఎక్కించండి" అంది షీరీన్. వంచి ఎక్కించబోయారు. బీరువా పైమూల చీలిపోయింది. సాయంత్రానికి కాగితం తయారైంది: లోడర్ చేతి పొరపాటు. ఈ రోజు డ్యూటీ దిగేలోగా సంతకం పెట్టాలి. పెడితేనే కాంట్రాక్టు పొడిగింపు.

"పెట్టేయప్పా రాజం, ఒక్క గీతే గదా," అన్నాడు డ్రైవర్ నారాయణప్ప, స్టీరింగ్ తిప్పుతూ. "నీదేమన్నా కలెక్టర్ సంతకమా?"

"గీతనే. గని నా చేతిది."

అల్ సద్‌లో రెండు మంచాలు దించి, నిన్నటి ఇంటికే కొత్త బీరువా తీసుకెళ్లారు. తలుపు తీసిన పర్వీన్‌ది కడప. బీరువా కనపడకముందే అందుకుంది.

"ఏమన్నా, నిన్న నువ్వే పడేసినావంట? మీ ఆఫీసోళ్లు ఫోన్ చేసి చెప్పినారు. ఈసారన్నా చేతులు సరిగ్గా పెట్టుకోని వచ్చినావా?"

గంగరాజం ముఖం గట్టిపడింది. "జర లిఫ్టు కాడికి రామ్మా."

ఆమె చున్నీ సర్దుకుంటూ వచ్చింది. అతను తాడు విప్పి, మునివేళ్ల మీద లేచి ఒక కొస లిఫ్టు కప్పుకు ఆనించి రెండో కొస కిందికి వదిలాడు. నేలను తాకిన ముడిని ఆమెకు చూపించాడు.

"లెక్కవెట్టు."

ఆమె పై నుంచి కిందికి వేలితో ఒక్కో ముడీ చూపుతూ లెక్కపెట్టింది. "ఏడు."

"బీరువ ఎనిమిది. నిన్న గూడ ఎనిమిదే." చెవి మీది పెన్సిలు తీసి ఆ ఏడో ముడిని నల్లగా రుద్దాడు. "ఇగ చెప్పు, చేతులు ఎవ్వలివి సక్కగ లెవ్వు?"

పర్వీన్ లోపలికెళ్లి నీళ్ల సీసాలు తెచ్చింది.

ఇద్దరు నేపాలీలు, నారాయణప్ప, అతను బీరువాను మెట్ల మీదుగా మూడో అంతస్తుకు ఎత్తారు. యాభై నాలుగు మెట్లు. ప్రతి మలుపులోనూ మోకాలు కలుక్కుమంది. గోడకు గీత పడలేదు.

సాయంత్రం షీరీన్ బల్ల మీద కాగితం పరిచాడు. సంతకం చోట ఖాళీ. దాని కింద వడ్రంగి పెన్సిలుతో లావు తెలుగు అక్షరాలు: లిఫ్టు ఏడు. బీరువ ఎనిమిది. వాటి కింద పేరు.

"ఇట్ల కాదు అంకుల్." ఆమె గొంతు తగ్గించింది. "లిస్టుదే తప్పని రిపోర్ట్ పోతే పైవాళ్లు మొత్తం లిస్టునే ఆపేస్తారు. మూడు నెలల పని నాది. మీ పొడిగింపు ఫైల్ కూడా నా చేతిలో ఉండదు."

"లిస్టు ఆపుమంటలేను మేడం. కొలత దిద్దుమంటున్న. నేను మూడు నెల్ల సంది గాదు, ఇరవై రెండేండ్ల సంది మోస్తున్న. చెయ్యని తప్పు మొయ్య."

ఆమె కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

పొడిగింపు రాలేదు. తొమ్మిదో రోజుకు టికెట్టు వచ్చింది. కార్మికుల క్యాంప్‌లో తన మంచం మీద కూర్చుని భార్య గంగామణికి ఫోన్ చేశాడు.

"సంతకం వెట్టలే. వస్తున్న."

"గల్ఫ్‌ల గిన్నేండ్లు చేస్తివి, ఆఖరుకు అబద్ధం మీద వెడుతవా? మంచి పని చేసినవ్. రా."

వెళ్లే రోజు పొద్దున నారాయణప్ప లారీ తీసే వేళకు ఎయిర్‌పోర్టు బండి క్యాంప్ ముందుకొచ్చి ఆగింది. గంగరాజం నడుము మీది తాడు విప్పి క్యాబిన్‌లోని కొక్కేనికి తగిలించాడు.

"ఇదేల వదుల్తావు? ఊరికి తీసుకుపో."

"మా ఊళ్లె లిఫ్టు ఏడున్నదయ్యా?" అని నవ్వి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ లిఫ్టు కొలత లిస్టులో మారిందో లేదో నారాయణప్ప ఎవరినీ అడగలేదు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ మలుపు తిరిగినప్పుడల్లా అద్దం పక్కన తాడు ఊగుతుంది, దుమ్ముకొట్టుకుపోయిన ముడుల మధ్య ఆ ఒక్క ముడీ నల్లగా.