గాయపడినవారిలో రాజలింగు

మా తమ్ముడు తుకారాం హైదరాబాదు రేడియోలో వార్తలు చదివిన ఆరేళ్లూ మా ఇంటికి కలిగిన లాభం చిన్నది కాదు. నిజామాబాద్ గంజ్ మార్కెట్టుకు పసుపు తెచ్చే రైతులు నన్ను రేడియో తుకారాం అన్నగా గుర్తుపట్టేవారు. వాడు చదివాడంటే జరిగినట్టే. ఆ నమ్మకం నా దుకాణానికీ పనికొచ్చింది. దానికి చెల్లించాల్సింది ఎంతో 1968 మార్చిలో తెలిసింది.

ఆ నెలలో ఒక రోజు ఉదయం బోధన్ దగ్గర చెరకు కూలీల లారీ వాగులో బోల్తా పడింది. సాయంత్రం వార్తలకు కాస్త ముందు తుకారాం నాకు ట్రంకాల్ చేశాడు. చనిపోయినవారి జాబితాలో మా చిన్నమ్మ ముత్తవ్వ కొడుకు రాజలింగు పేరుందన్నాడు. ఆమెకు వాడొక్కడే. భీమ్‌గల్‌లో పంచాయతీ రేడియో దగ్గర ఆమె రోజూ కూర్చునేది, తుకారాం గొంతు వినడానికి.

మా వైపు చావు కబురు సూటిగా చెప్పరు. బాగా లేదని మాత్రమే చెప్పి, వెంటబెట్టుకొని తీసుకెళ్లి, శవం దగ్గరే అసలు మాట చెబుతారు.

“చిన్నమ్మకు నా నోటితోని ఎట్ల చెప్పాలె అన్నా? దెబ్బలు తగిలినోళ్లల్ల కలిపి సదువుత. నువ్వు ఇప్పుడే పోయి ఆమెను బోధన్ తోల్కపో,” అన్నాడు.

సరేనన్నాను. కానీ దుకాణంలో పసుపు తూకం నడుస్తోంది. చచ్చినవాడు ఎక్కడికీ పోడు, తెల్లవారి వెళ్లినా ఒకటేనని లెక్కవేసుకున్నాను.

పొద్దున జీపులో భీమ్‌గల్ చేరేసరికి ఇంటికి తాళం ఉంది. మొదటి బస్సుకే నిజామాబాద్ ఆసుపత్రికి వెళ్లిందని పక్కింటివారు చెప్పారు. వెనక్కి వచ్చి వెతికాను. చిన్నమ్మ కొడుకు కోసం వండిన జొన్న గట్క గిన్నె పట్టుకొని, మగవాళ్ల వార్డులో ఒక్కో మంచం దగ్గర ఆగి, దుప్పటి తొలగించి ముఖం చూస్తోంది. అక్కడ చెప్పలేక బోధన్‌లో ఉన్నాడని జీపెక్కించాను. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండలకు నిలవవని, ఎవరూ రాని మూడు శవాలను అప్పటికే దహనం చేశారు.

బూడిద దగ్గర నిలబెట్టి చెప్పాను. చిన్నమ్మ ఏడవలేదు.

“పసుపు అమ్ముకునేటోనివి, నీకేం ఎరుక బాపురావు? దెబ్బలే తగిలినయని తుకారాం సదివిండు. ఊరంత ఇన్నది.”

జాబితా మార్చి చదివినందుకు తుకారాం ఉద్యోగం పోయింది. వాడు భీమ్‌గల్ వెళ్లి ఆమె కాళ్లమీద పడి, తాను చదివింది అబద్ధమని చెప్పాడు.

“నౌకరి పోయిన రందిల గిట్ల అంటున్నవ్ బిడ్డా,” అని ఆమె వాడినే ఓదార్చింది. కొడుకు దశదినకర్మ ఎవరినీ చేయనివ్వలేదు.

ఇది ఏడో ఏడు. నెలకోసారి తుకారాం ఆమెను ఏదో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తాడు. కరీంనగర్ అయింది, నాందేడ్ అయింది. వార్డు గుమ్మంలో నిలబడి, రోగుల పేర్లు కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటే ఆమెకు చదివి వినిపిస్తాడు. జీపు నేనే ఇస్తాను. వెంట మాత్రం వెళ్లను.