తిరగదోడిన పన్ను

అంబాజీపేటలో కాయల్ని నెలల తరబడి అటక మీద ఎండనిచ్చి, ఆ కురిడీ కొబ్బరితో వ్యాపారం చేసే వరహాలమ్మకి పిరికివాళ్ళంటే మొదటినుంచీ చులకన. భర్త పోయాక కొట్టు తనకి అప్పగించి పుట్టింటికి పొమ్మన్న మరిదిని వీధి గుమ్మంలోంచే పంపేసిన మనిషి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, రాజమండ్రికి కొత్తగా వచ్చిన ఆదాయప్పన్ను ఆఫీసరు ఎప్పుడో తేల్చేసిన పన్నులను తిరగదోడుతూ వర్తకులకి ఒకరి తరవాత ఒకరికి నోటీసులిచ్చి, చివరికి ఆవిడకీ పంపాడు. ఆవిడకి ముందు ఏవగింపు కలిగింది తోటి వర్తకుల మీద. ఒక్కొక్కరే వెళ్ళి, చెయ్యని తప్పుకి ఒప్పుదల రాసిచ్చి, అడిగినంతా కట్టి వచ్చారు. పైగా ఆఫీసరుగారు నవ్వుతూ మాట్లాడారని గొప్పలు చెప్పుకున్నారు.

వకీలు నరసింహమూర్తి కూడా సర్దుకుపొమ్మనే అన్నాడు.

“పాత ఆఫీసరుగారు అటకలెక్కి చూసి, లెక్కలన్నీ చదివి వేసిన పన్ను కదండీ. ఇప్పుడు కొత్తగా ఏం బయటపడింది?” అందావిడ.

చట్టం అడిగేదీ ఆ మాటేనని ఆయన నసుగుతూ ఒప్పుకున్నాడు. ఆదాయం పన్నుకి తప్పిపోయిందని ఖచ్చితమైన సమాచారం కొత్తగా అందితే తప్ప, ముగిసినదాని జోలికి పోకూడదట.

“మరి ఆ ముక్క ఇన్నాళ్ళూ ఎవరికోసం దాచేరు?”

మర్నాడు ఇద్దరూ లాంచీలో ధవళేశ్వరం చేరి, బండి కట్టించుకుని రాజమండ్రి వెళ్ళారు.

ఆఫీసరు ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. కొత్తగా తెలిసిందేమిటని వకీలు అడిగితే, కొత్తదేదీ అక్కర్లేదన్నాడు. ముందున్నాయన మెతకమనిషట, అటక మీద కుళ్ళిపోయే కాయలకి అంత తరుగు ఒప్పుకోవడం ఆయన అజ్ఞానమట.

వాడు ఏపాటివాడో వరహాలమ్మకి తెలిసిపోయింది. తన గొంతు తనకే ముద్దు. ఆవిడ చేతులు జోడించింది.

“ఆయ్, తమకున్న తెలివి ఆయనకెక్కడిదండీ. ఆ సంగతే ఆర్డరులో రాయండి. అందరికీ చూపించుకుంటాను.”

ఆఫీసరు మురిసిపోయి రాశాడు. అవే లెక్కలు తాను మళ్ళీ చదివానని, పాత అధికారికి బోధపడనిది తనకి బోధపడిందని పేజీ నిండా రాశాడు. నరసింహమూర్తి దగ్గు తెచ్చుకుని నవ్వు ఆపుకున్నాడు.

అప్పీలులో ఆ పేజీ చదివి వినిపించాక మరో వాదన అవసరం పడలేదు. ఆఫీసరు మారి అభిప్రాయం మారినంత మాత్రాన ముగిసిన పన్నుని తిరగదోడడానికి చట్టం ఒప్పుకోదంటూ, అప్పీలు విన్న అధికారి ఆ ఆర్డరు కొట్టేశాడు.

కబురు తెలిసి వర్తకులు ఆవిడ కొట్టుకి వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు ఎర్రయ్య, తమ డబ్బు కూడా తిరిగొచ్చేలా వకీలుగారితో ఓ మాట చెప్పమని బతిమాలాడు. ఒప్పుకుని సంతకాలు పెట్టినవాళ్ళకి దారి లేదని వకీలు ఆవిడకి ముందే చెప్పి ఉన్నాడు.

“మీరంతా వంగేరు కాబట్టే వాడికి నా గుమ్మం దాకా వచ్చే ధైర్యం కలిగిందండీ, ఎర్రయ్యగారూ,” అంది వరహాలమ్మ.

కాలవలో పడవ వచ్చి ఉంది. బస్తాలు ఎత్తించడానికి ఆవిడ వాళ్ళ మధ్యనుంచే నడిచి వెళ్ళిపోయింది.