వాలు చూసి ఆపిన లారీ

మా తమ్ముడి లారీకి పట్టిన జబ్బు ఎవరికీ అంతుచిక్కలేదు. తాళం తిప్పితే ఒకోసారి ముద్దుగా లేచేది. ఒకోసారి టిక్కుమని ఊరుకునేది. ఆ టిక్కు తర్వాత ఇక ఉలుకూ పలుకూ ఉండదు. దీపాలు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతూనే ఉండేవి. హారన్ కొడితే వీధి వీధంతా ఉలిక్కిపడేది. ఒంట్లో సత్తువ లేక కాదు, లేవబుద్ధి కాక దుప్పటి ముసుగేసుకున్న మనిషిలా ఉండేది దాని వరస.

ముందు బ్యాటరీ అన్నారు, మార్చాడు. కొన్నాళ్ళు బుద్ధిగా నడిచి, ఒకరోజు ఇటుకల బట్టీ దగ్గర నిండు లోడుతో మొరాయించింది. బ్యాటరీ మీది బిగింపులు తుప్పు పట్టాయేమోనని వేడినీళ్ళు పోసి, పాత పళ్ళబ్రష్షుతో నిగనిగలాడేలా రుద్దాడు. అయినా అంతే. ఇంజనుని లేపే సెల్ఫ్ మోటారు మీద అనుమానం వచ్చి మేస్త్రి దాన్ని విప్పి, లోపల అరిగినవి మార్చి మళ్ళీ బిగించాడు. తాళం పెట్టి తిప్పే స్విచ్చు మార్చాడు. మార్చిన ప్రతిసారీ, అదిగో ఇదే రోగం అనుకునేవాళ్ళం. నాలుగు రోజులు పోగానే మళ్ళీ టిక్కు.

ఆ మేస్త్రిని మా పేటలో నాడి మేస్త్రి అంటారు. బండి రాగానే బానెట్ మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడతాడు. విచిత్రమేమిటంటే ఆయన షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు మాత్రం లారీ ఎన్నిసార్లు తాళం తిప్పినా లేచేది. డాక్టరు ఎదుట కూర్చోగానే జ్వరం దిగిపోయే పిల్లలుంటారు చూడండి, అలాగ. రోగం చూపించని రోగికి మందెక్కడ వెయ్యమంటావురా, అది లేవనప్పుడు తీసుకురా అని ఆయన విసుక్కునేవాడు. లేవనిదాన్ని ఎత్తుకు రానా బాబాయ్ అని వీడు.

చివరికి మా తమ్ముడు రోగం సంగతి వదిలేసి, రోగంతో బతకడం నేర్చుకున్నాడు. లారీని ఎప్పుడూ వాలు మీదే ఆపేవాడు. బ్రేకు వదిలితే దానంతటది జారుతుంది, జారుతుండగా గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. అంతే, సెల్ఫ్‌తో పని లేదు. మా ఇంటి ముందు వీధి ఎటూ పల్లమే. మిగతా చోట్ల కూడా ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ పల్లముంది అన్నది వాడికి కంఠతా వచ్చేసింది. సరుకు ఎక్కడ దింపాలన్నా ముందు నేల చూసేవాడు, తర్వాత మనిషిని చూసేవాడు. మా మరదలు ఊరుకునే రకం కాదు. "మన ఇల్లు పల్లంలో ఉంది కాబట్టి సరిపోయింది వదినా, లేకపోతే ఈయన నా మొహం కూడా చూసేవారు కాదు" అని నాతో అంటూ ఉండేది, వాడికి వినబడేటట్టు.

అమ్మ ఆస్పత్రిలో పడింది అప్పుడే. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. తీస్తే మళ్ళీ చేరింది. మరదలూ నేనూ వంతులు వేసుకుని దగ్గర ఉండేవాళ్ళం. తమ్ముడు కిరాయిల మధ్య వచ్చి పోతుండేవాడు. ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ అడిగినవి పెట్టండి అని డాక్టరమ్మ మమ్మల్ని వసారాలోకి పిలిచి చెప్పింది. కొద్ది వారాలు గడుస్తాయేమో అని కూడా అంది. ఆ మాట పట్టుకునే మేమందరం వేలాడాము.

అమ్మకి చెబితే ఆవిడ మొహం వెలిగింది. ఆస్పత్రి బండి వద్దంది. వాడి లారీలో, ముందు సీటులో కిటికీ పక్కన కూర్చుని వెళతానంది. మా నాన్న కూడా డ్రైవరే, కానీ నడిపినవన్నీ పరాయివాళ్ళ లారీలు. ఆడవాళ్ళని ఎక్కించుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకని జన్మంతా గుమ్మంలో నిలబడి సాగనంపడమే అమ్మకి దక్కింది. నాకూ అదే అలవాటై, ఇప్పటికీ ఎవరైనా చెప్పులు తొడుక్కుంటుంటే లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడతాను. తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "రేపు పొద్దున్నే వస్తానమ్మా. నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళతాను" అన్నాడు.

ఆ రాత్రి మరదలు అమ్మ దగ్గర ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి ముందుగదిలో మంచం వాల్చి, గాలి వచ్చేలా కిటికీ వైపు తిప్పి, ఉతికిన దుప్పటి పరిచాను.

పొద్దున్నే చూస్తే ఎదురింటివాళ్ళు ఇల్లు కట్టడానికి తెప్పించిన ఇసుక, సరిగ్గా మా లారీ ముందు గుట్టగా పోసి ఉంది. జారడానికి దారి లేదు. వెనక్కి తియ్యాలంటే ఇంజను లేవాలి. తమ్ముడు తాళం తిప్పాడు. టిక్కు.

వాడు దిగి, జాకీ రాడ్డు తీసుకుని లారీ కిందికి దూరాడు. నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టాడు. కిందనుంచి సెల్ఫ్ మోటారు మీద రాడ్డుతో కొడుతూ, తిప్పక్కా అనేవాడు, నేను తిప్పేదాన్ని. ఆపు అనేవాడు, ఆపేదాన్ని. బ్యాటరీ తీగలు అటూ ఇటూ ఊపి చూశాడు. దీపాలు వెయ్యమన్నాడు, వేస్తే ఎప్పటిలాగే భేషుగ్గా వెలిగాయి. కరెంటు ఉంది, మోటారు కొత్తదానితో సమానం, మరి మధ్యలో ఏ మహానుభావుడు అడ్డం కూర్చున్నాడో తెలియడం లేదని కిందనుంచే తిట్టుకున్నాడు. నా వేళ్ళు చెమటకి తాళం మీంచి జారిపోతున్నాయి. వేరే బండి మాట్లాడుకుందామురా అన్నాను. మాటిచ్చాను కదా అన్నాడు. ఇంకా ఎన్నిసార్లు తిప్పానో, ఉన్నట్టుండి లారీ ఒళ్ళంతా కుదిపేసుకుంటూ లేచింది. నా ప్రాణం లేచొచ్చింది. వాడు నల్లటి మొహంతో కిందనుంచి పాకి వచ్చి నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

ఆస్పత్రి ఉన్న పేట అంతా బల్లపరుపు. గేటు ముందు ఆపి, ఇంజను నడుస్తుండగానే నన్ను దిగమన్నాడు. బండి అలాగే వదిలేసి లోపలికి వద్దామంటే గేటు కాపలా మనిషి ససేమిరా అన్నాడు. ఇంజను కట్టెయ్, లేకపోతే బండి తీసెయ్ అన్నాడు. కట్టేస్తే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఎవరికుంది?

"అమ్మని ఎక్కించాక ఇది టిక్కుమంటే ఆవిడ తట్టుకోలేదక్కా. ఎక్కడైనా వాలు చూసి పెట్టి వస్తాను. నువ్వెళ్ళి సిద్ధం చెయ్యి" అన్నాడు.

నాకూ అదే సబబనిపించింది. మా ఇంట్లో ఎవరికైనా అదే సబబనిపించేది.

అమ్మ గది కింది అంతస్తులోనే, రోడ్డు పక్కన. నేను లోపలికి అడుగు పెట్టేసరికి మరదలు అమ్మ మంచం పట్టుకుని నిలబడి ఉంది. తెల్లవారాక అమ్మ పరిస్థితి ఒక్కసారిగా మారిపోయిందట. ఉతికిన చీర కట్టి తల దువ్వుతుండగానే ఎగఊపిరి మొదలైందట. నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. బయట గేటు దగ్గర లారీ ఇంకా గుర్రుమంటూ నిలబడే ఉంది, కాపలా మనిషితో వీడి వాదన తెగనట్టుంది.

"వాడే" అంది అమ్మ. గొంతు స్పష్టంగా ఉంది. "వచ్చాడు."

నాన్న రోజుల నుంచీ ఆవిడకి అది అలవాటే. ఎన్ని బండ్లు వెళుతున్నా తనవాళ్ళ బండి చప్పుడు వేరుగా వినబడేది. అవునమ్మా, వచ్చాడు అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి గుమ్మం వైపు తిరిగింది. అంతలో బయట గేరు పడిన చప్పుడైంది. ఇంజను రొద పెరిగి, కదిలి, రోడ్డు వెంబడి దూరమైంది. ఇంకా దూరమైంది.

"వెళ్ళిపోతున్నాడేమిటే?" అంది అమ్మ.

నేను చెవి దగ్గర వంగి చెప్పాను. వాలు కోసం వెళ్ళాడమ్మా, వచ్చేస్తాడు, బండి పెట్టి వచ్చేస్తాడు, నిన్ను తీసుకెళ్ళడానికే వెళ్ళాడు అని. మరదలు రెండో చెవి దగ్గర అదే చెప్పింది. ఆవిడకి చేరిందో లేదో మాకు తెలియదు. కళ్ళు మాత్రం గుమ్మం మీంచి తియ్యలేదు. డాక్టరమ్మ వచ్చింది, చెయ్యి పట్టుకుని చూసింది, గొట్టమేదో పెట్టబోయి ఆగిపోయింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. చాలమ్మా అని డాక్టరమ్మే నా భుజం పట్టుకుని లేవదీసింది.

తమ్ముడు వచ్చేసరికి చాలాసేపయింది. చుట్టుపక్కల ఎక్కడా వాలు దొరక్క, ఊరి చివర వంతెన దాకా వెళ్ళాడట. వంతెన దిగే రోడ్డు మీద లారీ పెట్టి, చక్రాలకి రాళ్ళు పెట్టి, ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గుమ్మంలోంచే, "దొరికిందక్కా. మంచి వాలు. బ్రేకు వదిలితే చాలు" అన్నాడు.

అప్పుడు మమ్మల్ని చూశాడు.

కాగితాల పనంతా మరదలే చూసుకుంది. వాడు లారీ తేవడానికి మళ్ళీ వంతెన దాకా వెళ్ళాడు. సీటులో కూర్చున్నాక వాలు సంగతే మరిచిపోయి, చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోయిందట. తిప్పీ తిప్పకముందే ఇంజను లేచిందట. ఆ మాట చెప్పినప్పుడు వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అమ్మని వెనక పరుపు మీద పడుకోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. ముందు సీటులో కిటికీ పక్కన ఎవరూ కూర్చోలేదు. మరదలు కూడా కూర్చోలేక నా దగ్గరికే వచ్చేసింది.

జరగవలసినవన్నీ జరిగాక, వాడు లారీని వాలు మీదే ఉంచి ముట్టుకోవడం మానేశాడు. కిరాయిలకి వచ్చినవాళ్ళని తిప్పి పంపేసేవాడు. చివరికి నాడి మేస్త్రే తన సామాను సంచితో మా వీధికి వచ్చాడు. అది లేవనప్పుడు చూడాలి కదా, ఇవాళ లేవదేమో చూద్దాం అన్నాడు. వాడు కదలకపోతే నేనే ఎక్కి తాళం తిప్పాను. టిక్కు.

మేస్త్రి బానెట్ మీద చెయ్యి వెయ్యలేదు. ఒక లావాటి తీగ తీసి, బ్యాటరీ నుంచి సూటిగా ఇంజను ఇనుముకి తగిలించి, తిప్పమ్మా అన్నాడు. లేచింది. ఆపమన్నాడు. తీగ తీసేసి తిప్పమన్నాడు. టిక్కు. మళ్ళీ తగిలించాడు, లేచింది. ఆయన లారీ కిందికి దూరి, ఇంజనునీ కింది చట్రాన్నీ కలిపే జడలాంటి తీగ ఒకటుంటే, దాని బోల్టు విప్పాడు. మోటారుకి వెళ్ళిన కరెంటు తిరిగి రావలసిన దారి అదేనట. దీపాలకి దానితో పని లేదు, అందుకే అవి వెలుగుతూ మా అందరి కళ్ళూ కప్పాయి. ఆ తీగ చూడడానికి కొత్తగానే ఉంది. కానీ అది ఆనుకునే చోట ఎర్రటి రంగు దళసరిగా, నున్నగా పూసి ఉంది. రంగు మీంచి కరెంటు పారదు. బోల్టు అంచు ఎక్కడో కాస్త గీసుకున్న చోట, బండి కుదుపుకి తగిలితే తగిలేది, లేకపోతే లేదు. గతుకుల్లో కుదుపుకుంటూ షెడ్డుకి చేరేసరికి ఎప్పుడూ తగిలే ఉండేది.

"ఎవర్రా ఇంత శ్రద్ధగా రంగేసింది?" అన్నాడు మేస్త్రి కిందనుంచి.

"నేనే" అన్నాడు తమ్ముడు.

నిరుడు వేసవిలో రవాణా ఆఫీసు తనిఖీకి ముందు, కిరాయిలు లేని రోజుల్లో, వాడు చట్రమంతా స్వయంగా గీకి రంగు వేసుకున్నాడు. ఒక్కో బోల్టూ విప్పి, దాని కింద కూడా పూసి, ఆరాక బిగించాడు. కూలికి వేసేవాడైతే బోల్టులు విప్పేవాడు కాదు, పైపైన కొట్టి పోయేవాడు. సొంత బండి కాబట్టి విప్పాడు. గరుకు కాగితం పెట్టి మేస్త్రి ఆ రంగు గీకేసి, మెరిసే ఇనుము బయటపడ్డాక తీగ బిగించాడు. టీ చల్లారేంత పని కూడా కాదు.

తమ్ముడు వచ్చి సీటులో కూర్చున్నాడు. తాళం తిప్పాడు, లేచింది. ఆపాడు. తిప్పాడు, లేచింది. ఆపాడు. అలా తిప్పుతూనే ఉన్నాడు. వీధిలోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. చాల్లేరా నాయనా, బ్యాటరీ చచ్చిపోతుంది అని మేస్త్రి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాడు.

ఆయన వెళ్ళాక మేం లోపలికి వచ్చాం. మరదలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వాడు గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. ఇన్నాళ్ళూ వాడు అడగకూడదని నేను ఏ మాట కోసం భయపడుతూ వచ్చానో, ఆ మాటే అడిగాడు.

"అక్కా, అమ్మ బండి చప్పుడు విందా?"

"వింది" అన్నాను.

"ఏమంది?"

మరదలూ నేనూ దీని గురించి ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఇలా చెబుదామని అనుకోలేదు. నేను ఆమె వైపు చూడలేదు.

"వచ్చాడు అంది" అన్నాను.

వాడు ఇంకేదో వస్తుందని చూశాడు. నేను మూలనున్న నీళ్ళకుండ మీద మూత సర్దాను. అప్పుడు పెళ్ళాం వైపు తిరిగి, "అంతేనా?" అన్నాడు.

"అంతే" అంది మరదలు. "ఒకే మాటని ఎన్నిసార్లు అడుగుతారు? చేతులకి నూనె అంటుకుంది, వెళ్ళి కడుక్కురండి."